క్యాసెట్లలో ఊదరాదు

"ఊదకండి!"

బుగ్గల నిండా గాలి నింపుకుని, గేమ్ క్యాసెట్‌ను పెదవుల దాకా తెచ్చుకున్నవాడు అలాగే ఆగిపోయాడు. కౌంటర్ వెనక ఒకమ్మాయి స్క్రూడ్రైవర్ పట్టుకుని, పొడిచేస్తానన్నంత కోపంగా చూస్తోంది.

"అంత పెద్ద బోర్డు కనిపించట్లేదా?"

తలెత్తి చూశాడు. గోడ మీద ఎర్ర రంగుతో ఎప్పుడో చేత్తో రాసిన బోర్డు: క్యాసెట్లలో ఊదరాదు.

"చిన్నప్పట్నుంచీ ఊదుతున్నానండీ. ఊదితేనే ఇది పనిచేస్తుంది."

"ఊదినందుకు కాదు, తీసి మళ్లీ సరిగ్గా పెట్టినందుకు పనిచేస్తుంది. మీ నోటి తడికి పిన్నులు ఎలా చిలుము పట్టాయో చూడండి. పిల్లనగ్రోవి అనుకున్నారా?"

క్యాసెట్ లాక్కుని, దూదిపుల్లను స్పిరిట్‌లో ముంచి తుడవడం మొదలుపెట్టింది. దూది పచ్చగా మారింది. అంత కోపంలోనూ ఆ వేళ్లు ఎంత మెత్తగా తుడుస్తున్నాయో మాత్రం గమనించాడు. తిట్లు తింటున్నవాడు గమనించాల్సిన విషయం కాదది. అయినా గమనించాడు.

"మెషిన్ ఇక్కడ పెట్టి ఎల్లుండి రండి, ఊదుడుగారూ."

"అలాగే డాక్టరుగారూ."

వెనక మూల భూతద్దం తగిలించుకుని ఏదో వైరు అతుకుతున్న పెద్దాయన తలెత్తకుండానే నవ్వాడు. ఆ రిపేరు షాపు ఆయనది. ఆ డాక్టరుగారు ఆయన కూతురు.

అతను ఒక కంపెనీలో టెస్టర్‌గా ఉండేవాడు. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం పని. ఒకరోజు మీటింగని పిలిచి, టీమ్ మొత్తానికీ థాంక్యూ చెప్పి బయటికి పంపేశారు. నా పనిలో తప్పేంటండీ అని అడిగితే, "తప్పేం లేదు" అన్నారు. ఆ మాటే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. ఉన్న తప్పైతే దిద్దుకోవచ్చు, లేని తప్పును ఎక్కడని వెతుక్కుంటాడు?

ఉండేది అక్కాబావల ఇంట్లో. బావ మంచివాడు, అక్క అంతకంటే మంచిది. చిక్కంతా అక్కడే వచ్చింది. చిన్నప్పట్నుంచీ తన బరువు మోసిన అక్కతో మళ్లీ ఇంకో బరువు మొయ్యమని ఏ నోటితో చెప్తాడు? రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, అక్క కట్టిచ్చిన క్యారేజీ పట్టుకుని, తేలు కుట్టిన దొంగలా వీధి దాటేవాడు. ఆ తర్వాత లైబ్రరీ, పార్కు బెంచీ. ఒక ఆదివారం అక్క అటక మీంచి సూట్‌కేసు దించమంటే, దాని వెనక ఈ గేమ్ మెషిన్ దొరికింది. చిన్నప్పుడు అక్కా తనూ జుట్టు జుట్టు పట్టుకుని మరీ ఆడిన మెషిన్.

చెప్పిన రోజుకి మెషిన్ సిద్ధమైంది. కానీ డాక్టరుగారు చేతికివ్వలేదు.

"ఒక పూటంతా ఆడి చూడాలి. వేడెక్కితే మళ్లీ విప్పాలి. నాన్నకి ఈ గెంతులు రావు, నాకు తీరిక లేదు."

"నేను ఆడి చూస్తాను. నా ఉద్యోగమే టెస్టింగండీ."

"మరి ఆఫీసు?"

"లీవులో ఉన్నాను," అన్నాడు, బల్ల మీది స్క్రూల వైపు చూస్తూ.

ఆమె ఒక క్షణం అతని చేతిలోని క్యారేజీని చూసి, స్టూలు ముందుకు తోసింది.

అలా మొదలైంది. తన మెషిన్ అయిపోయాక ఇంకొకరిది, అదీ అయ్యాక మరొకరిది. షాపుకొచ్చిన ప్రతి పాత మెషిన్‌నూ అతనే ఆడి చూసేవాడు. "మూడో బటన్ రెండుసార్లు నొక్కితేగానీ పలకట్లేదు," "రంగు కాస్త వెలిసింది," అని చెప్తుంటే ఆమె ఆశ్చర్యంగా చూసేది. మధ్యాహ్నం క్యారేజీ విప్పి ముగ్గురూ తినేవారు.

ఆ చిన్న తెర ముందు అతని మనసు కుదుటపడేది. పాత ఆటల్లో దాపరికం లేదు. గోతిలో పడితే ఎందుకు పడ్డాడో తెలుస్తుంది: తొందరపడి గెంతాడు, అంతే. మళ్లీ మొదటికి పంపిస్తుంది గానీ, ఇక రావద్దని ఎప్పుడూ అనదు. ఆ స్టూలు మీద కూర్చున్నప్పుడల్లా ఎవరికో దండం పెట్టాలనిపించేది. ఎవరికో అతనికి తెలుసు. ఆ మనిషి పక్కనే సోల్డరింగ్ పొగను ఉఫ్‌మని పక్కకి ఊదుకుంటూ ఉండేది.

"మీరు మాత్రం ఊదొచ్చా?"

"ఇది క్యాసెట్ కాదు, పొగ. లాయర్‌లా మాట్లాడకుండా ఆట చూసుకోండి."

ఒకరోజు వాన దంచి కొట్టింది. కస్టమర్లు లేరు. పెద్దాయన ఏదో డెలివరీకి వెళ్లి వానలో చిక్కుకుపోయాడు. ఆమె రెండో రిమోట్ తగిలించి పక్కన స్టూలు వేసుకుంది. ఇద్దరు కలిసి ఆడే ఆట. అందులో ఒక ఏర్పాటు ఉంది: ఒకరి ఛాన్సులు అయిపోతే, రెండు బటన్లు కలిపి నొక్కి రెండోవాళ్ల దగ్గర్నుంచి ఒకటి తీసుకోవచ్చు.

"అడక్కుండా తీసుకుంటే ఊరుకోను," అంది ముందే. "మా షాపు రూలు."

ఇంకాస్సేపటికి అతని ఛాన్సులన్నీ అయిపోయాయి. రిమోట్ ఒళ్లో పెట్టుకుని, ఆమె ఆట చూస్తూ కూర్చున్నాడు.

"అడగరేం?"

"పర్లేదు, ఆడండి."

"నా దగ్గర నాలుగున్నాయి. అడగందే అమ్మయినా పెట్టదంటారు."

"మా అక్క పెట్టేదండీ. నేను నోరు తెరవకముందే తన ఛాన్సు ఇచ్చేసి, తను ఓడిపోయి కూర్చునేది. అందుకే నాకు అడగడం రాలేదు."

ఆమె ఆట ఆపింది.

"ఉద్యోగం పోయిన సంగతి ఆవిడకి ఎప్పుడు చెప్తారు?"

"మీకెలా..."

"పని రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని, పొద్దున్నే వీడియో గేమ్ ఆడేవాళ్లు ఇద్దరే. కంపెనీ ఓనర్లు, కంపెనీ వద్దనుకున్నవాళ్లు. ఓనర్లు క్యారేజీ తెచ్చుకోరు."

నవ్వబోయాడు, కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె చూడనట్టు తెర వైపు తిరిగింది.

"మొదటిరోజే తెలుసా?"

"క్యారేజీ చూసినప్పుడే. తెలిసే స్టూలు వేశాను. అక్కకి చెప్పండి. ఆవిడ మొయ్యగలదో లేదో మీరే తేల్చేస్తే ఎలా?"

ఆ సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పేశాడు. "అక్కా, నా ఉద్యోగం పోయింది. కొన్నాళ్లు నన్ను చూసుకోవాలి నువ్వు." అడగడం అంత కష్టమేమీ కాదని అడిగాకే తెలిసింది.

అక్క గరిటె పక్కన పెట్టి, వాడి నెత్తిన ఒక్కటి మొట్టింది. తర్వాత దగ్గరికి లాక్కుంది.

"పిచ్చి సన్నాసీ! ఇదా నెల నుంచీ మొహం వేలాడేసుకుని తిరుగుతున్నది? నీకేదో పెద్ద జబ్బేమోనని భయమేసింది." మరుక్షణం ఆమెకి అనుమానం వచ్చింది. "మరి పొద్దున్నే లేచి నేను కట్టిన క్యారేజీ ఎవరు తింటున్నార్రా?"

"నేనూ... డాక్టరుగారూ... వాళ్ల నాన్నగారూ."

"ఏ డాక్టర్రా?" అంది అక్క. తర్వాత తమ్ముడి మొహం చూసి, ఇంకేమీ అడగలేదు. మర్నాటి నుంచి క్యారేజీలో ఒక గిన్నె పెరిగింది.

కొన్ని వారాలకి ఒక ఇంటర్వ్యూ వచ్చింది. "ఈ గ్యాప్‌లో ఏం చేశారు?" అని అడిగారు. కోర్సులు చేశానని చెప్పొచ్చు. "పాత గేమ్ మెషిన్లు టెస్ట్ చేశానండీ," అని నిజమే చెప్పాడు. ఎదుటివాళ్లు ఉత్సాహంగా ముందుకి జరిగారు. ఉద్యోగం వచ్చింది.

ఆ వార్త పట్టుకుని చినుకుల్లో షాపుకి పరిగెత్తాడు. పెద్దాయన చెయ్యి పట్టుకుని ఊపి ఊపి అభినందించాడు. డాక్టరుగారు మాత్రం "మంచిది," అని, అప్పటికే మెరుస్తున్న క్యాసెట్‌ను మళ్లీ తుడవడం మొదలుపెట్టింది.

"అంతేనా?"

"ఇంకేం చెప్పాలి? ఆ స్టూలు తీసేస్తాను. దారికి అడ్డం."

"రమ్మని అడగొచ్చుగా."

"నేనెందుకు అడగాలి?"

"మీ షాపు రూలు. అడక్కుండా ఏదీ రాదు."

దూదిపుల్ల ఆగింది. బయట వాన పెద్దదైంది. నోట్లో కత్తి పెట్టుకున్నట్టు మాట్లాడే మనిషికి ఆ పూట మాట కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఆఫీసయ్యాక ఇటు రండి," అంది చివరికి, అతని వైపు చూడకుండా. "రోజూ. మెషిన్ల కోసం కాదు. మీరు రాకపోతే నాకు తోచదు."

"వస్తాను. ఇప్పుడు నేనొకటి అడగనా? అక్క మిమ్మల్ని భోజనానికి రమ్మంది. నాన్నగారితో సహా. నన్ను వద్దన్న లోకంలో, స్టూలు వేసి కూర్చోబెట్టింది మీరు. ఆ రుణం తీర్చుకోవాలని మాత్రం కాదు. మీరంటే ఇష్టం. పెళ్లి చేసుకుందామా?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "భోజనానికి వస్తాం," అంది. "మిగతాది... దానికీ సరే."

ఏం చెయ్యాలో తెలియక ఆమె క్యాసెట్‌ను మెషిన్‌లో పెట్టి స్విచ్ వేసింది. తెర మీద గీతలు తప్ప ఏమీ రాలేదు. అతను అలవాటు కొద్దీ క్యాసెట్ తీసి, బుగ్గల నిండా గాలి నింపాడు. ఆమె చప్పున అతని మణికట్టు పట్టుకుంది.

"ఈ ఒక్కసారికీ ఊదనియ్యమ్మా," అన్నాడు పెద్దాయన భూతద్దం తీసి, కళ్లు తుడుచుకుంటూ.

"నాన్నా! ఆ బోర్డు రాసింది మీరే కదా!"

"రాశాను. ఇదే కౌంటర్ దగ్గర, ఒక కస్టమరమ్మాయి కోసం. ఎంత చెప్పినా వినేది కాదు." పెద్దాయన లేచి గొడుగు అందుకున్నాడు. "పెళ్లయి ఇన్నేళ్లయినా మీ అమ్మ ఇంకా ఊదుతూనే ఉంది. వెళ్లి ఆవిణ్ణి తీసుకొస్తాను, ఉండండి."