ఒటీలియ పేజీలో ఒక్క వాక్యం

ఎనభై ఏళ్ళ కిందట చనిపోయిన ఒటీలియ క్రామ్‌ను శుక్రవారం మధ్యాహ్నం ఎవరో మళ్ళీ చంపారు.

ఆయుధం ఒక వాక్యం. ఇంటర్నెట్‌లో నలుగురూ కలిసి రాసుకునే విజ్ఞాన సర్వస్వంలో, ఆమె జీవితచరిత్ర పేజీలో, మూడో పేరాలో అది దిగబడి ఉంది. 'తన తోటివారి పేర్లు గెస్టపోకి అందించింది ఆమే.' కింద సోర్స్ కూడా ఉంది. డాక్టర్ ఏవాల్డ్ ష్ట్రుంక్ రాసిన 'తీగల చాటున' అనే పుస్తకం.

ఏజెంట్ ఫాల్కో బ్రింక్‌హౌస్ చదివి టాబ్లెట్ బల్ల మీద పెట్టాడు. ఎదురుగా అతని చీఫ్ లోడెమన్. ఊరి చివర పూల దుకాణం వెనక గది. బయటి ప్రపంచానికి ఆవిడ బొకేలు కట్టే మనిషి.

"ఈవిడెవరో తెలుసా?" అంది లోడెమన్, గులాబీ ముళ్ళు గీకుతూ.

"ఈ లైప్‌జిగ్‌లో తెలియందెవరికి మేడమ్? టెలిఫోన్ ఆపరేటర్. నాజీల రహస్య పోలీసు గెస్టపో ఎవర్ని పట్టుకోబోతోందో లైన్‌లో విని, వాళ్ళకి ముందే కబురు పెట్టేది. చివరికి తనే దొరికిపోయింది. తల తీసేశారు."

"రేపు పన్నెండింటికి పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజి గోడ మీద ఆవిడ పేరుతో ఫలకం. తెర తీసేది మనవరాలు మెష్టిల్డ్ క్రామ్."

ఫాల్కో వెన్ను నిటారు చేశాడు. మెష్టిల్డ్ క్రామ్ పార్లమెంటు సభ్యురాలు. క్వార్ట్జ్ మీద విచారణ జరుపుతున్న కమిటీకి అధ్యక్షురాలు. దేశంలో పదేళ్ళుగా వేళ్ళూనుకున్న ఒక విదేశీ గూఢచారి ముఠాకి ఫాల్కో పనిచేసే నిఘా సంస్థ పెట్టుకున్న పేరు క్వార్ట్జ్.

"పత్రికలన్నిటికీ ఆకాశరామన్న మెయిల్ ఒకటి వెళ్ళింది," అంది లోడెమన్. "తెర తీసే ముందు ఆవిడ పేజీ ఒకసారి చూడండి అని. రేపు విలేఖర్లంతా ఫోన్లు తీస్తారు. ఆ వాక్యం అక్కడ కనపడిందా, గెస్టపో తొత్తు మనవరాలు గూఢచారుల మీద విచారణ చేస్తోందని హెడ్డింగు పెడతారు. సాయంత్రానికి ఆవిడ రాజీనామా. కమిటీ కథ కంచికి."

"పుస్తకం దొంగదా?"

"ష్ట్రుంక్ అనేవాడు భూమ్మీద పుట్టలేదు. నాలుగు లైబ్రరీల్లో ఆ పుస్తకం క్వార్ట్జ్ వాళ్ళే దూర్చారు."

"ఆ మాటే ప్రకటించండి."

"ఎలా ప్రకటిస్తాను? చెప్పింది క్వార్ట్జ్ లోపల ఉన్న మన మనిషి. కోడ్‌నేమ్ భరతపక్షి. మనం నోరు తెరిస్తే వాళ్ళ వేలు ఒక్కరి మీదికే పోతుంది. నువ్వు మామూలు పౌరుడిలా వెళ్ళి ఆ వాక్యం తీసెయ్. అంతే."

"అంతేనా?"

"అంతే," అంది లోడెమన్. ఆవిడ ఎప్పుడూ ఎడిటింగ్ చేసి ఎరగదు.

ఫాల్కో 'కొత్తపిచ్చుక' పేరుతో అకౌంట్ తెరిచి వాక్యం తొలగించాడు. కాఫీ చల్లారేలోపు అది తిరిగొచ్చింది. పక్కన నోట్: 'సోర్స్ ఉన్న సమాచారాన్ని కారణం లేకుండా తీయరాదు. టెట్స్‌లాఫ్.' కారణం రాసి మళ్ళీ తీశాడు: పుస్తకం నకిలీది. మళ్ళీ వచ్చింది. 'నకిలీ అనడానికి సోర్స్?' మూడోసారి తీసేసరికి అకౌంట్‌కి తాళం పడింది.

దొంగ పాస్‌పోర్టులతో సరిహద్దులు దాటిన మనిషి ఫాల్కో. టెట్స్‌లాఫ్ అనే ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారి గేటు దాటలేకపోయాడు.

శనివారం పొద్దున్న సన్నగా వాన. పాత ఎక్స్ఛేంజికి ఎదురుగా లైబ్రరీ ఉంది. విజ్ఞాన సర్వస్వానికి రాసే ఆ ఊరి ఎడిటర్లు నెలకోసారి అక్కడ పై అంతస్తులో కలుస్తారు. ఇవాళ్టి చర్చ ఒటీలియ పేజీ మీదే. ఫాల్కో అతికించుకున్న మీసంతో, బీమా ఏజెంటు వేషంలో వెళ్ళాడు. చెవిలో వినికిడి మిషన్‌లా కనపడేది రేడియో. జేబులో పెన్ను నొక్కితే మత్తుసూది దూసుకొస్తుంది. వాక్యాల మీద పనిచేసే సూది మాత్రం సంస్థ దగ్గర లేదు.

టెట్స్‌లాఫ్ చేత్తో అల్లిన చొక్కాలో ఎదురొచ్చాడు. "కొత్తపిచ్చుకవి నువ్వేనా నాయనా? నిన్న నా చేత నానా చాకిరీ చేయించావు. కూర్చో, కేకు తిను."

బల్ల చుట్టూ లాప్‌టాప్‌లు, ఫ్లాస్కులు, ఆలూబుఖారా కేకు. ఓ ఏడెనిమిది మంది. వాళ్ళ మధ్య ఒకామె మాత్రం ఊరగాయ జాడీల వరసలో అత్తరు సీసాలా ఉంది. ఒంటెరంగు కోటు, ఎర్రటి పెదాలు, భుజాల మీద పడే నల్లటి జుట్టు. లియానె ఓస్టర్‌టాగ్. ఒటీలియ పేజీ ఆరేళ్ళుగా దాదాపు ఆమె చేతి రాతే. నిన్నటి వాక్యం కూడా ఆమె పెట్టిందే.

"క్వార్ట్జ్ మనిషి ఆమే," అంది చెవిలో లోడెమన్. "కనిపెట్టి ఉండు. పేపర్లు చదివే చోట నీలం జాకెట్ వాడు ఆమెకి కాపలా."

నీలం జాకెట్ మనిషి పేపర్ విప్పుకుని కూర్చున్నాడు. పేజీ తిప్పడం లేదు.

లియానె కేకు ముక్క కోసి ఫాల్కో ముందు పెట్టింది. "ఈ ఏడు ఆలూబుఖారాలు వగరుగా ఉన్నాయి," అంది మామూలుగా.

ఫాల్కో చేతిలో ఫోర్క్ ఆగిపోయింది. అది భరతపక్షి కోడ్ మాట.

"మా మేనత్త తేనె కలిపేది," అని జవాబు అప్పజెప్పాడు. ఫ్లాస్కులో కాఫీ పోసుకునే నెపంతో పక్కకి వచ్చి గుసగుసలాడాడు. "మేడమ్, ఈమె మన మనిషేనా?"

"నీకు తెలిస్తే నీ మొహం చెప్పేసేది," అంది లోడెమన్. "అందుకే చెప్పలేదు."

లియానె కప్పు పట్టుకుని పక్కకొచ్చింది. కాపలావాడికి నవ్వు మొహమే కనపడేలా నిలబడింది.

"వాక్యం మీరే పెట్టారు," అన్నాడు ఫాల్కో.

"పుస్తకమూ నేనే రాశాను. ఆరేళ్ళ కింద ఈ పేజీ మొదలుపెట్టమన్నదీ వాళ్ళే. ముందు నమ్మకం కట్టు, అవసరమొచ్చినప్పుడు కూలుద్దువుగాని అన్నారు."

"తీసేయండి. వేరే దారి లేదు."

"తీసిన మరుక్షణం వాడికి అర్థమైపోతుంది. మీ వాళ్ళు మా అమ్మని క్వార్ట్జ్ వాళ్ళ దేశంలోంచి బయటికి తెస్తామన్నారు కదా, ఏమైందో అడగండి."

చెవిలో లోడెమన్ తొందరగా అంది, "ప్రయత్నంలోనే ఉందని చెప్పు."

"ప్రయత్నంలో ఉందట."

లియానె కాఫీలో చక్కెర కలిపింది. "అమ్మ పోయి నెల దాటింది. మీ వాళ్ళకింకా తెలియదన్నమాట."

ఫాల్కో తన కప్పు బల్ల మీద పెట్టేశాడు.

"ఒటీలియకి పారిపోయే వీలుండింది తెలుసా?" అంది ఆమె. "టిక్కెట్టు కొనుక్కుని కూడా ఉండిపోయింది. ఇంకొక్క షిఫ్ట్ వింటాను, ఇంకెవరి పేరైనా వస్తుందేమో అని. వాళ్ళు అబద్ధం రాయమన్నారు కదా, దానికి నిజాలు పోగెయ్యాల్సి వచ్చింది. పోగేసిన వాటిలో ఇదొకటి. పేజీ తెరిచినప్పుడల్లా చదవకుండా దాటేసేదాన్ని."

టెట్స్‌లాఫ్ చెంచాతో కప్పు మీద కొట్టాడు. చర్చ మొదలైంది.

ఫాల్కో లేచి మాట్లాడాడు. ఒటీలియ ఎంతమందిని కాపాడిందో చెప్పాడు. ఆ కుటుంబాలు ఇప్పటికీ ఈ ఊళ్ళోనే ఉన్నాయన్నాడు. అందరూ శ్రద్ధగానే విన్నారు.

"అదంతా పేజీలో ఉంది నాయనా," అన్నాడు టెట్స్‌లాఫ్. "పుస్తకం నకిలీదన్నావు. దానికి నీ ఆధారమేది?"

"నాకు తెలుసు. ఎలాగో చెప్పలేను."

"అంటే?"

"నా మనస్సాక్షి."

"మనస్సాక్షికి పేజీ నంబరుండదు." టెట్స్‌లాఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడబ్బాయ్, ఆ వాక్యం నాక్కూడా మింగుడు పడటం లేదు. మా పెద్దమ్మని కాపాడింది ఆవిడే. కానీ నాకు బాధగా ఉందని ఇవాళ ఒకటి తీసేశాననుకో, రేపు నాజీలంటే ముద్దున్నవాడొచ్చి తనకి బాధగా ఉందని ఒటీలియని మొత్తంగా తీసేస్తాడు. వాణ్ణి ఏ మొహం పెట్టుకుని ఆపను?"

ఆ ముసలాయన చెప్పింది న్యాయమే.

చేతులెత్తమన్నారు. వాక్యం ఉండాలని తేలింది. లియానె కూడా చెయ్యెత్తింది. నీలం జాకెట్ మనిషి మొదటిసారి పేజీ తిప్పాడు.

కిటికీ కింద గొడుగులు గుమిగూడాయి. గోడ మీద తెల్లటి గుడ్డ. దాని పక్కన తడుస్తూ మెష్టిల్డ్ క్రామ్. విలేఖర్లు ఒకరిద్దరు అప్పుడే ఫోన్లు బయటికి తీస్తున్నారు. జేబులో పెన్ను పట్టుకుని ఫాల్కో అలాగే నిలబడ్డాడు. ఎవరికి గుచ్చాలి?

"మాస్టారూ," అంది లియానె. "ఆ పుస్తకంలో ఫోటో ఉంది చూడండి. పేజీలో కూడా పెట్టాను. అది పెద్దది చెయ్యండి."

టెట్స్‌లాఫ్ తెర మీద ఫోటో తెరిచాడు. మసక మసకగా స్విచ్‌బోర్డు, హెడ్‌ఫోన్ పెట్టుకుని పక్కకి తిరిగిన ఆడమనిషి, ఆమె భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్న గెస్టపో అధికారి.

లియానె నల్లటి జుట్టు పట్టుకుని లాగింది. విగ్గు ఊడొచ్చింది. లోపలి జుట్టు పొట్టిది, గోధుమ రంగుది. లైబ్రరీ కంప్యూటర్ దగ్గరున్న హెడ్‌ఫోన్ తలకి తగిలించుకుని, ఎడమ చెంప కనపడేలా తిరిగింది. చెవి తమ్మె రెండుగా చీలి ఉంది. ఫోటోలో చెవి కూడా అంతే.

"చిన్నప్పుడు పోగు తలుపు గడియకి తగులుకుని చీలింది," అంది. "ఒటీలియ చెవి ఇలా ఉండదు. ఆమె పెళ్ళి ఫోటో మీ ఊరి మ్యూజియం వేసిన పుస్తకంలో అచ్చయి ఉంది, పోల్చుకోండి. ఆ ఫోటోలో మనిషిని నేను. ష్ట్రుంక్‌ని కూడా నేనే."

టెట్స్‌లాఫ్ తెర వంక, చెవి వంక మార్చి మార్చి చూశాడు.

"ఆరేళ్ళు నీతో కూర్చుని కామాలు దిద్దాను కదమ్మా," అన్నాడు.

"కామాలన్నీ నిజమైనవే మాస్టారూ."

ఆయన పేజీని సవరణకి తెరిచాడు. బయట చర్చి గంట మొదటి దెబ్బ కొడుతుండగా మీట నొక్కాడు. వాక్యం పోయింది. కింద విలేఖర్లు ఫోన్లలోకి చూశారు, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. తెల్లగుడ్డ జారింది. చప్పట్లు వానలో కలిసిపోయాయి.

నీలం జాకెట్ మనిషి పేపరు నాలుగు మడతలు పెట్టి మెట్లు దిగాడు.

ఫాల్కో లేచాడు. "కూర్చో," అంది చెవిలో గొంతు. "వాడిది దౌత్య పాస్‌పోర్ట్. వాణ్ణి ముట్టుకోకూడదు."

"మరి ఆమె?"

"కింద మన కారు సిద్ధంగా ఉంది."

కిటికీలోంచి చూశాడు. కారు సిద్ధంగానే ఉంది, వీధి చివర, పోలీసు అడ్డుకర్రల అవతల. ఉత్సవం కోసం రోడ్డు మూసేశారు. డ్రైవర్ ఒక పోలీసుతో వాదిస్తున్నాడు. తానెవరో చెప్పడానికి అతనికీ అనుమతి లేదు.

లియానె కోటు బొత్తాలు పెట్టుకుంది. "నా వెనక రాకండి. ఇద్దర్నీ చూస్తే మీ మొహం కూడా గుర్తుపెట్టుకుంటారు."

"ఇక్కడే ఉండండి. నలుగురూ ఉన్నారు."

"అందుకే వెళ్తున్నాను," అంది. టెట్స్‌లాఫ్ వైపు ఒకసారి తల వంచి వెళ్ళిపోయింది.

ఫాల్కో చెవిలోంచి రేడియో పీకేసి మెట్ల మీద పరిగెత్తాడు. కింద అంతా గొడుగులే. ఒంటెరంగు కోటు ఒకసారి కనపడింది, ట్రాము స్టాప్ వైపు. దాని వెనక ఓ నీలం జాకెట్, పక్కన ఇంకోటి. ఒక ట్రాము అడ్డొచ్చింది. అది కదిలాక అక్కడ తడి రాళ్ళు తప్ప ఏమీ లేవు. సాయంత్రం దాకా ఆ వీధులన్నీ తిరిగాడు. ఆమెను మళ్ళీ ఎవరూ చూడలేదు.

మెష్టిల్డ్ క్రామ్ కమిటీ శీతాకాలంలో క్వార్ట్జ్ మనుషుల్ని దేశం నుంచి వెళ్ళగొట్టించింది. ఒటీలియ పేజీ చక్కగా ఉంది. లియానె అకౌంట్‌ని మాత్రం నకిలీ సోర్స్ వాడినందుకు శాశ్వతంగా మూసేశారు. కింద టెట్స్‌లాఫ్ సంతకం.

తన అకౌంట్ తాళం తీశాక ఫాల్కో లియానె ఓస్టర్‌టాగ్ పేరుతో కొత్త పేజీ మొదలుపెట్టాడు. నాలుగు పేరాలు రాశాడు. మర్నాటికి అది లేదు. 'ప్రచురితమైన ఆధారాలు లేవు. ఈ వ్యక్తికి తగినంత ప్రాముఖ్యత ఉన్నట్టు కనపడదు.' దాని కింద టెట్స్‌లాఫ్ విడిగా రాశాడు: 'నాకూ ఏడుపొస్తోంది నాయనా. సోర్స్ తీసుకురా, నేనే పెడతాను.'

ఫాల్కో భరతపక్షి ఫైలు బయటపెట్టమని సంస్థకి దరఖాస్తు పెట్టాడు. అరవై ఏళ్ళ తర్వాత పరిశీలిస్తామని జవాబొచ్చింది. ఆ మాట చెబితే, డెబ్బై ఎనిమిదేళ్ళ టెట్స్‌లాఫ్ కాసేపు ఆలోచించి, ఫరవాలేదు, ఆగుతానన్నాడు.