ఆదివారపు ఆకాశం

అంకయ్యను చంపినవాళ్ళు అతని వాచీ ముట్టలేదు, పర్సు ముట్టలేదు. ఆకాశంలో తరంగాలను కొలిచిన గ్రాఫులు మాత్రం పట్టుకుపోయారు. 1986 మార్చిలో ఒక ఆదివారం తెల్లారేసరికి, మార్టూరు క్వారీ నీళ్ళలో ఆ సైంటిస్టు శవం తేలింది.

ఏడుంపావుకు పర్చూరు లాడ్జిలో ఫోను మోగింది. పొగాకు బయ్యర్ వేషంలో ఉన్న ఏజెంట్ జయరావు ఎత్తాడు.

"రంగు?" అన్నాడు చీఫ్.

"నిమ్మపండు."

కోడ్ సరిపోయింది.

"మనం వాడే కరెంటు తీగల్లోనే ఉండిపోదు, జయరావ్. దాని రొద వాతావరణం పైపొర అయనోస్ఫియర్ దాకా పోయి అక్కడి తరంగాలను కెలుకుతుంది. ఆదివారం మిల్లులకు సెలవు కాబట్టి పైన నిశ్శబ్దం. అంకయ్య కనిపెట్టింది అదే. శత్రువుకు కావలసిందీ అదే."

"దేనికి?"

"చీరాల ఎదురుగా మన నేవీ షిప్పు ఆగి ఉంది. దాని కింద మైన్ పెట్టారు. ఎనిమిదింటికి శాటిలైట్ నుంచి దానికి సిగ్నల్ వస్తుంది. చాలా సన్నటి సిగ్నల్, రొద ఉంటే మైన్‌కు అందదు. షిప్పులో ఎనభైనాలుగు మంది. దింపే టైము లేదు."

జయరావు ఫోను పెట్టేశాడు. జీపు తీసి సబ్‌స్టేషన్‌కు ఉరికించాడు.

"వ్యవసాయం లైన్లన్నిటికీ త్రీఫేజు వదులు! మోటార్లన్నీ తిరిగి రొద పుట్టాలి!"

"ఈ పూట వంతు కాదు సార్. ఉద్యోగం ఊడుద్ది," అన్నాడు ఆపరేటర్ సుభానీ.

"వదలవయ్యా," అందొక తియ్యటి గొంతు.

గుమ్మంలో సంతోషకుమారి. సిల్కు చీర, నల్లకళ్ళద్దాలు, చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్టల్. రెండేళ్ళుగా డిపార్ట్‌మెంటుకు సమాచారమిస్తున్న మనిషి. అంకయ్య ఎక్కడుంటాడో శత్రువుకు చెప్పింది ఎవరో జయరావుకు అప్పుడు తెలిసింది. ఒళ్ళు మండిపోయింది.

"సగం ఊరు చర్చిలో ఉంది. మిగతా సగం కళ్ళాల్లో మిరపకాయలు ఏరుతోంది. మోటారు వేసేవాడెవడు, మిస్టర్ జయరావ్?" నవ్విందామె.

ఎనిమిదికి నిమిషం. సుభానీ ఆమె పిస్టల్ వంక చూస్తూనే స్విచ్చులు వేశాడు.

ట్రాన్స్‌ఫార్మర్ మూలిగింది. మీటరు ముల్లు చివరిదాకా పోయి అక్కడే కొట్టుకుంటోంది. ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఎవరు వేశారు?"

"ఎవరూ వెయ్యలేదమ్మా," అన్నాడు సుభానీ. "మావోళ్ళు మోటారు ఆపితేగా! స్టార్టర్‌కి పుల్ల దోపి పోతారు. కరెంటొస్తే అదే తిరుగుద్ది."

నాలుగు వేల మోటార్లు. జయరావు ఆమె మణికట్టు మీద కొట్టాడు. పిస్టల్ కిందపడింది.

ఎనిమిదైంది. ఒకటి... రెండు... మూడు నిమిషాలు. ఫోను మోగింది.

"సిగ్నల్ వచ్చింది, మైన్ పేలలేదు," అన్నాడు చీఫ్. "మళ్ళీ పంపుతారు. డైవర్లు దాన్ని విప్పేదాకా కరెంటు ఆపొద్దు. రెండు గంటలు."

సుభానీ తల పట్టుకున్నాడు. "రెండు గంటలా! కళ్ళాల్లోకి నీళ్ళొచ్చేస్తాయి సార్. కాయలన్నీ తడుస్తాయి!"

దూరంగా రోడ్డు మీద దుమ్ము లేచింది. రైతుల అరుపులు దగ్గరవుతున్నాయి.

జయరావు తన పిస్టల్ తీసి, ఓసారి చూసి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. మిరపకాయలు తడిసిన రైతు ముందు అదేం పనికొస్తుంది?