పొట్టి మంచం

"లేవండి లేవండి! అది పడుకోవడానికి కాదు!"

ఆమె నాతో అన్న మొదటి మాట అదే. కొత్త అపార్ట్‌మెంట్లు అమ్మే ఆఫీసులో సేల్స్‌మన్‌గా చేరిన రోజు, కస్టమర్లకు చూపించే శాంపిల్ ఫ్లాట్‌లో కాసేపు నడుం వాల్చానంతే. కాళ్లు మంచం దాటి గాల్లో వేలాడాయి.

"ఇంత పొట్టిగా ఉందేంటండీ?"

"గది పెద్దగా కనబడాలని అడుగు తగ్గించి చేయించాను. డిజైనర్ని నేనే."

"మోసం కదా!"

"నేను మంచంతో చేస్తా, మీరు నోటితో చేస్తారు. తేడా ఏముంది?"

ఇంకేముంది, పడిపోయాను.

వాన పడితే కస్టమర్లు రారు. ఆ మధ్యాహ్నాలు ఆ ఫ్లాట్ మాదే. టీ తాగుతూ, "ఇక్కడ మన మంచం" అని చూపించేది. "పూర్తి సైజుదేనా?" అంటే నెత్తిన మొట్టేది.

వాళ్ల నాన్నది ఒకటే మాట. "అద్దె ఇళ్లలో నేను పడ్డ పాట్లు చాలు. సొంత ఫ్లాట్ కొను బాబూ, పెళ్లి చేస్తా."

ఇద్దరం కడుపు కట్టుకుని కూడబెట్టాం. అడ్వాన్స్ సరిపోయేలోపు రేటు పెరిగేది. మళ్లీ కూడబెడితే మళ్లీ పెరిగేది. నేనేమో వచ్చినవాళ్లందరి దగ్గరా "ఈ రేటు ఈ వారమే సార్!" అని ఊదరగొట్టేవాణ్ణి. జనం ఎగబడ్డారు, కంపెనీ పెంచేసింది. నాకు బెస్ట్ సేల్స్‌మన్ షీల్డ్ ఇచ్చిన రోజే, మేం అనుకున్న చిన్న ఫ్లాట్ కూడా మాకు అందకుండా పోయింది.

షీల్డ్ చూసి ఆమె ఏడ్చింది. "మన ఇల్లు నువ్వే అమ్మేశావురా. నాన్న ఇంక ఆగనంటున్నాడు."

ఆమె ఇక్కడి పని కూడా మానేసి వెళ్లిపోయింది.

ఏడాది తర్వాత వచ్చింది, కాబోయే భర్తతో. అతను మంచివాడే, అదే నా ఖర్మ. "బెడ్‌రూమ్ భలే పెద్దదే!" అని మురిసిపోయాడు.

ఉద్యోగం పోతే పోనీ అనుకుని, "మంచం పొట్టిది సార్. మామూలు మంచం వేస్తే నడవడానికే చోటుండదు" అనేశాను.

"తెలుసు. నేనే చేయించాను," అంది ఆమె, కిటికీలోంచి చూస్తూ.

అతను తటపటాయించాడు. "పోనీ, కొన్నాళ్లు ఆగుదామా?"

"వద్దు. ఇతనిక్కడ ఉన్నన్నాళ్లూ రేటు పెరుగుతూనే ఉంటుంది. ఇవాళే తీసుకుందాం."

బయట వాన మొదలైంది. నేను బుకింగ్ ఫారం తీశాను.

"సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తా, రండి మేడమ్."