రన్‌వే మీద చెట్టు

మా ఇంట్లో నేనే పైలట్‌ని. పగలంతా కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు కొలిచి అద్దాలు అరగదీస్తాను. ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటే మాత్రం జెట్ విమానం నా చేతిలో ఉంటుంది. "సముద్రాలు దాటేస్తాడు గానీ, సందు చివరికెళ్ళి పాలు తెమ్మంటే వాతావరణం బాలేదంటాడు" అని మా అక్క వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. అందులో అబద్ధమేమీ లేదు.

నా ఫ్లైట్ సిమ్యులేటర్, అంటే విమానం నడిపే గేమ్, పాతది. నాతో కలిసి ఎగిరేవాళ్ళంతా ఒక్కొక్కరే కొత్తదానికి మారిపోయారు. అందులో మబ్బులు నిజం మబ్బుల్లాగే ఉంటాయట, వాన పడితే అద్దం మీద చినుకులు జారతాయట. నేను మాత్రం పాతదే బంగారం అనుకుంటూ ఖాళీ ఆకాశంలో ఒంటరిగా తిరుగుతున్నాను.

అసలు సంగతి వేరు. పాతదాంట్లో నేను సీనియర్ కెప్టెన్‌ని. కొత్తదాంట్లో చేరితే మళ్ళీ ట్రైనీని. జీవితంలో ఉన్న ఒక్క హోదానీ వదులుకోవడానికి మనసొప్పలేదు.

ఒక వానరోజు నా కంప్యూటర్ కాస్త పొగ వదిలి ఊరుకుంది. దాన్ని దుప్పట్లో చుట్టి, పసిబిడ్డలా ఎత్తుకుని వీధి మలుపులో ఉన్న రిపేర్ షాపుకి పరిగెత్తాను. కౌంటర్ వెనక ఒకమ్మాయి పళ్ళ మధ్య స్క్రూ పట్టుకుని ఏదో విప్పుతోంది. పక్క కుర్చీలో వాళ్ళ నాన్న పేపర్ చదువుకుంటున్నారు.

ఆ అమ్మాయి నా కంప్యూటర్ మూత తీసి ఒకసారి తుమ్మింది.

"ఇందులో దుమ్ము కాకుండా ఇంకేమైనా ఉంచారా?"

"ఫ్లైట్ సిమ్యులేటర్ ఉందండి."

"ఏ వెర్షన్?"

చెప్పాను.

"ఇంకా దాన్నే పట్టుకుని వేలాడుతున్నారా?"

"పాతదైతే నమ్మకంగా ఉంటుందండి."

"ఉంది కదా నమ్మకం. పొగ కూడా వచ్చింది."

పేపర్ వెనక నవ్వు వినిపించింది. నాకు ఒళ్ళు మండింది.

"మీరెప్పుడైనా ఆడారా దాన్ని? ఊరికే మాట అనేస్తున్నారు."

"నేనా? ఆ డొక్కుని ముట్టుకోను కూడా లేదు. నాది కొత్తది."

నా ఉద్యోగమే కళ్ళు చూడటం. రోజంతా జనాన్ని కూర్చోబెట్టి రెండు కంటిపాపల మధ్య దూరం కొలుస్తాను. ఎవరు సూటిగా చూస్తారో, ఎవరు చూపు తప్పిస్తారో ఇట్టే తెలిసిపోతుంది. ఆ మాట అంటూ ఆ అమ్మాయి చూపు తప్పించింది. కానీ ఆ కళ్ళు ఎంత బాగున్నాయంటే, ఎందుకు తప్పించిందో ఆలోచించడం మర్చిపోయాను.

కంప్యూటర్ బాగైంది. నేనే బాగవలేదు. మౌస్ పనిచేయడం లేదని చెప్పడానికి ఒకసారి వెళ్ళాను. పనిచేస్తోందని చెప్పడానికి ఇంకోసారి వెళ్ళాను. వెళ్ళినప్పుడల్లా అదే ప్రశ్న.

"కొత్తదానికి మారారా?"

"ఆలోచిస్తున్నానండి."

"ఇల్లు కొనేవాళ్ళు కూడా ఇంత ఆలోచించరు."

ఇంట్లో అక్క ఇంకో రకంగా అడిగింది. "నువ్వు ఆలోచిస్తున్నది గేమ్ గురించేనా?"

"ఇంకేముంటుంది?"

"మరి మౌస్ చూపించుకోడానికి ఇస్త్రీ చొక్కా ఎందుకురా?"

చివరికి ఆ అమ్మాయే తేల్చేసింది. "ఆదివారం షాపు సెలవు. ఇక్కడికే వచ్చి నా మెషిన్ మీద ఒక్క ల్యాండింగ్ చేసి చూడండి. నచ్చకపోతే మళ్ళీ అడగను."

ఆ 'మళ్ళీ అడగను' అనే మాటకి భయపడి వెంటనే వస్తానన్నాను. ఆమె అడగడం మానేస్తే నేను ఏ మొహం పెట్టుకుని అక్కడికి వెళ్ళాలి?

ఆదివారం బయట వాన, స్క్రీన్ మీద కూడా వాన. వాళ్ళ నాన్న పేపర్‌తో సహా అక్కడే ఉన్నారు.

"ఎక్కడ దింపుతారు?"

నా నోరు ఊరుకుంటుందా? "ఎక్కడైనా సరే. కళ్ళు మూసుకుని దింపేస్తాను."

ఆమె ఒక చిన్న దీవి ఎంచింది. నా ప్రాణం లేచొచ్చింది. పాతదాంట్లో అది నాకు కొట్టినపిండి. విమానం తీగ మీద నడిచినట్టు తిన్నగా దిగుతోంది. ఇంకాస్తలో చక్రాలు తగులుతాయనగా నా చెయ్యి దానంతటదే జాయ్‌స్టిక్‌ని వెనక్కి లాగింది. విమానం ఎగిరి, కాసేపు గాల్లో ఆలోచించి, పొట్ట మీద పడి, జారుకుంటూ వెళ్ళి సముద్రంలో మునిగింది.

వాళ్ళ నాన్న పేపర్ దించారు. "బాగానే దిగుతున్నావు కదా బాబూ. ఎందుకు లేపావు?"

"చెయ్యి జారిందండి" అన్నాను. ఆ సముద్రంలో నాకూ కాస్త చోటుంటే బాగుండుననిపించింది.

ఎందుకు లేపానో నాకు తెలుసు. పాత సిమ్యులేటర్లో ఆ రన్‌వే మొదట్లోనే ఒక చెట్టుంటుంది. తయారుచేసినవాళ్ళ పొరపాటు, ఎవరూ సరిచేయలేదు. అక్కడ దిగాలంటే చివరి క్షణంలో విమానం ముక్కు పైకెత్తి, చెట్టు దాటాకే దించాలి. కొత్తదాంట్లో చెట్టు లేదని నా చేతికి ఎవరూ చెప్పలేదు.

ఆయన టీ పెట్టడానికి లోపలికెళ్ళారు. ఆ అమ్మాయి నవ్వలేదు.

"చెట్టు కోసమా?" అంది మెల్లగా.

"మీకెలా తెలుసు? దాన్ని ముట్టుకోనే లేదన్నారు."

ఈసారి చూపు తప్పించలేదు. "అబద్ధం చెప్పాను. నేను ఎగరడం నేర్చుకుందే దాంట్లో. ఇందులోకి మారిన కొత్తల్లో నేనూ రోజూ ఆ సముద్రంలోనే పడేదాన్ని. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ ఆకాశం నిండా జనమే గానీ, ఆ చెట్టు తెలిసినవాళ్ళు ఒక్కళ్ళు లేరు. అందుకే నిన్ను మారమని అన్నిసార్లు అడిగాను."

మీరు కాస్తా నువ్వైపోయింది. నాకు ధైర్యం వచ్చింది.

"నేను రిపేర్ కోసం వచ్చింది మొదటిసారే. తర్వాతంతా నిన్ను చూడ్డానికే వచ్చాను."

"తెలుసు. పనిచేస్తున్న మౌస్‌ని తెచ్చి చూపించినవాడివి నువ్వొక్కడివే."

పక్క మెషిన్‌లో నాకు కొత్త ఖాతా తెరిచింది. పేరు పక్కన ట్రైనీ అని పడింది. హోదా పోయినందుకు ఇంత సంతోషపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆమె విమానం ముందు, నాది వెనక. అదే దీవి. రన్‌వే దగ్గరికి రాగానే ఆమె విమానం ముక్కు పైకెత్తి, ఏమీ లేనిచోట దేన్నో దాటి, మెత్తగా దిగింది. నేనూ ఎత్తాను, దాటాను, ఈసారి సముద్రం దాకా పోకుండా దిగాను.

టీ కప్పులతో వచ్చిన వాళ్ళ నాన్న వెనక నిలబడి అంతా చూశారు.

"రన్‌వే ఖాళీగానే ఉంది కదమ్మా. ఇద్దరూ ఎందుకు ఎగిరారు?"

"అక్కడ చెట్టుంది నాన్నా" అంది.

ఆయన స్క్రీన్ వంక చూశారు. మా ఇద్దరి వంకా చూశారు. మొదటి కప్పు నా చేతికిచ్చారు.

"అయితే ఇద్దరూ చూసుకుని దిగండి" అన్నారు.