ముల్లు దిగింది కదా!

ఎత్తురోడ్డు చివర లారీలు తూచే కాటా ఒకటి ఉండేది. మూతపడి పదేళ్లు దాటింది. ఇప్పుడక్కడ ఒక రేకుల గది, తుప్పు పట్టిన ఇనప పలక తప్ప ఏమీ లేవు. పగలైతే ఎవరైనా ఆగుతారు. రాత్రిపూట మాత్రం... బండి పొగలు కక్కినా సరే, దిగి తోసుకుంటూ దాటేస్తారు.

ఎందుకంటారా? ఆ ఎత్తు ఎక్కీ ఎక్కీ ఇంజన్లు కాగిపోయేది సరిగ్గా అక్కడే. అక్కడ ఆగి, రేడియేటర్ మూత తీసి, మొహాలు కాల్చుకున్నవాళ్లు ముగ్గురు. మొదటివాడు మోటార్‌సైకిల్ మీద ఊళ్లు చూద్దామని బయల్దేరిన పాతికేళ్ల మనిషి. పోయాడు. తర్వాతి ఇద్దరూ బతికి బయటపడ్డారు గానీ, ఇద్దరిదీ ఒకటే మాట... "నా అంతట నేను తియ్యలేదు. ఎవడో తియ్యమన్నాడు."

ఎవడు? చూసినవాళ్లు లేరు.

ఇది మన కళ్లజోళ్ల షాపాయనకి తెలియక కాదు. తెలిసీ చీకటి పడ్డాక ఆ దారి పట్టాడంటే, అంతా ఆ బండి మీద మోజు. పాతికేళ్లనాటి టూరింగ్ బండి. ముందు పెద్ద అద్దం, వెనక రెండు పెట్టెలు, కారుకున్నట్టే నీళ్లతో చల్లబడే ఇంజను. సెలవు రోజు వస్తే చాలు, దాని ముందు చతికిలబడేవాడు. "నా సవతికి స్నానం అయిందా?" అని భార్య దెప్పేది.

ఆ ఉదయం ఇంజన్ని చల్లబరిచే కూలెంటు నీళ్లు కూడా తనే మార్చాడు. మార్చాక మూత తీసే ఉంచి, ఇంజను పావుగంట ఆడించాలి. లోపల చిక్కుకున్న గాలంతా బుడగలై బయటికి పోవాలి. మెకానిక్ బావ లక్షసార్లు చెప్పాడు. ఈయన రెండు నిమిషాలకే మూత బిగించి బయల్దేరాడు.

తిరుగు ప్రయాణంలో, ఎత్తు సగం ఎక్కేసరికి వేడి చూపించే ముల్లు లేచింది. ఇంకాస్త... ఇంకాస్త... కాటా దగ్గరికి వచ్చేసరికి ఎరుపు దాటింది. ఆపక తప్పలేదు.

చీకటి. ఆకు కదలడం లేదు. కాగిన ఇనుము టిక్... టిక్... అంటోంది.

టార్చి నోట కరుచుకుని పక్క కవరు ఊడదీశాడు. మూత కనిపించింది. పెట్టెలో రెండు సీసాల నీళ్లున్నాయి, పోసుకుంటే ఇల్లు చేరొచ్చు. చెయ్యి మూత దాకా వెళ్లింది... వెనక్కి వచ్చింది. ఆయనకి అన్నం పెట్టేవి ఆ రెండు కళ్లే. వెంట్రుకంత గీతని కూడా అద్దం మీద పట్టేసే కళ్లు. వాటికి ఆవిరి కొట్టిందంటే షాపూ ఇల్లూ అన్నీ అక్కడితో సరి.

"అన్నా..."

గుసగుస. రేకుల గది వైపు నుంచి.

"తాళం తిప్పి చూడన్నా... ముల్లు దిగిందేమో."

ఆయన చెయ్యి తాళం తిప్పింది. ముల్లు నిజంగానే అడుగున ఉంది!

"దిగింది కదా! ఇంకేం... తియ్యన్నా."

ఆ గొంతులో కపటం లేదు. సాయం చేద్దామనే ఆత్రమే ఉంది. ఆయనకి అసలు భయం వేసింది అందుకే. ఎరుపు దాటిన ముల్లు అయిదు నిమిషాల్లో అడుక్కి ఎలా దిగుతుంది? గొట్టం నొక్కి చూడందే మూత తియ్యొద్దన్న బావ మాట గుర్తొచ్చింది. జేబురుమాలు చుట్టి, రేడియేటర్ పైగొట్టం పట్టుకుని నొక్కాడు. కర్రలా ఉంది.

"తియ్యన్నా..." ఈసారి చెవి పక్కనే.

"తియ్యను," అన్నాడు. "గొట్టం గట్టిగా ఉంది తమ్ముడూ. లోపల ఆవిరి బిగిసి ఉంది. వేడి కొలిచే చోటు నుంచి నీళ్లు కిందికి జారిపోతే ముల్లు అబద్ధం చెబుతుంది. గొట్టం మెత్తబడేదాకా మూత ముట్టుకోకూడదు."

ఇనుము చప్పుడు ఆగిపోయింది.

"గొట్టమా..." ఆ గొంతు జీరబోయింది. "గొట్టం పట్టుకు చూడాలా అన్నా? నాకూ ముల్లు దిగింది... చల్లారిందనే అనుకున్నా... నాకెవరూ చెప్పలేదే..."

ఆయన టార్చి చుట్టూ తిప్పాడు. ఎవరూ లేరు. పారిపోదామనుకున్నాడు. కానీ ఎందుకో... భయాన్ని మించి జాలి ముంచుకొచ్చింది. పాపం, ఇన్నేళ్లూ తనకి తెలిసిందే అందరికీ చెబుతున్నాడు!

"ఇదిగో, ఇదీ ఆ గొట్టం," అని వెలుగు దాని మీద వేసి, రోడ్డు మీదే కూలబడ్డాడు.

అరగంట గడిచింది. ఇంకాస్త గడిచింది...

ఉన్నట్టుండి ఆ నల్లటి గొట్టం మీద నాలుగు సొట్టలు పడ్డాయి. పక్కపక్కనే, వేళ్లు పెట్టి నొక్కినట్టు. సొట్టలు పోయాయి. మళ్లీ పడ్డాయి.

"మెత్తబడింది అన్నా... ఇప్పుడు తియ్యి."

ఆయన మూత తిప్పాడు. ఆవిరి రాలేదు.