అనసూయ నూరిన నల్లేరు

మధ్యాహ్నం బెల్లు కొట్టి చాలాసేపయింది. ఖోఖో టీములోని ఐదుగురు ఆడపిల్లలు మాత్రం ఇంకా బడి వెనక గోడ నీడలోనే ఉన్నారు. వాళ్ల మధ్యలో కూర్చుని అనసూయ టిఫిన్ డబ్బా మూత తీసింది. లోపల పచ్చటి ముద్ద ఉంది.

“ఇదేంది మే, పేడ మాదిరి ఉండాది?” అంది టీము లీడరు మునెమ్మ.

అందరూ నవ్వారు. అనసూయకు ముఖం వేడెక్కింది.

“నవ్వేది నవ్వండి. శనివారం పుంగనూరోళ్లతో ఆట ఉండాది కదా. ఇది తింటే ఎముకలు ఇనుము మాదిరి అవుతాయి. మా అవ్వ మందు.”

నవ్వులు ఆగిపోయాయి. అనసూయ వాళ్ల అవ్వ సుభద్రమ్మ అంటే రామసముద్రంలో తెలియనివాళ్లు లేరు. దగ్గుకీ, నొప్పులకీ, ఆకలి పుట్టకపోయినా జనం ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు.

“ఏం ఆకు?” అంది మునెమ్మ.

“అది సెప్పకూడదు. ఆకు పేరు బయటికి సెబితే మందు పన్జెయ్యదు. మా అవ్వ కూడా ఎవురికీ సెప్పదు. మీరు గూడా ఎవురితోనూ అనొద్దు.”

ఐదుగురూ తలలూపారు. తలా ఒక ముద్ద తీసుకుని నోట్లో వేసుకున్నారు.

అనసూయకు ఆ క్షణం చాలా బాగుంది. టీముకు ఆటగాళ్లను ఎంచుకున్నప్పుడు ఆమె అర నిమిషంలోనే అవుటయింది. అప్పటినుంచి వీళ్లు ఆడుతుంటే దూరంగా నిలబడి చూడటమే ఆమె పని. ఈరోజు మాత్రం వాళ్లు తన చుట్టూ కూర్చున్నారు.

నిజానికి అది అవ్వ చేసింది కాదు. అవ్వ చేసేది నల్లేరు పొడి. ఇంట్లో అందరూ దాన్ని సంగటిలో నంజుకుంటారు. పొద్దున అనసూయ అడిగితే, “ఈ పొద్దు పనుండాది, రేపు సేస్తాలే” అంది అవ్వ. అనసూయ ఆగలేకపోయింది. అవ్వ బయటికి వెళ్లగానే కంచె మీది నల్లేరు తీగలో చేతికందిన లావు కాడలు విరిచింది. ఉప్పు, మిరపకాయలు, బెల్లం వేసి పచ్చిగానే నూరింది. నూరేటప్పుడు చేతులు దురద పెట్టాయి. మిరపకాయల మంటేమో అనుకుని కడిగేసుకుంది.

ఐదుగురూ లేచి ఉప్మాకు వెళ్లారు. అందరికంటే ఆలస్యంగా వెళ్లారు కాబట్టి వంటమనిషి పాపక్క వాళ్లకు గిన్నె అడుగున మిగిలింది గీకి పెట్టింది.

సగం తినకముందే మునెమ్మ గొంతు పట్టుకుంది.

“అక్కా, నాలిక దురద పెడతాండాది.”

“నాకు గూడా” అంది ఇంకొక పిల్ల. కాసేపటికి ఐదుగురూ ఏడవసాగారు. ఒక పిల్లకు పెదవులు ఉబ్బాయి.

హెడ్మాస్టరు నారాయణస్వామి సార్ పరుగున వచ్చారు.

“ఏం తిన్నారు?”

మునెమ్మ అనసూయ వైపు చూసింది. తర్వాత తల వంచుకుంది. “ఉప్మా, సార్” అంది.

సార్ గిన్నె వంచి చూశారు. “పాపక్కా, గిన్నె సరిగ్గా కడిగినావా? రవ్వలో ఏం పడిందో సూసుకున్నావా?”

“బాగా తోమినాను సారూ. రవ్వ రెండుసార్లు జల్లించినాను. నేనూ అదే తింటిని కదప్పా.”

“మరి ఈ పిల్లలకు యాల ఇట్లయింది? నేను పై ఆఫీసర్లకు రాయక తప్పదు. వాళ్లొచ్చి తేల్చేదాకా నువ్వు వంటకు రావద్దు.”

పాపక్క గరిటె కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులనే మళ్లీ మళ్లీ తుడుచుకుంటూ నిలబడింది.

అనసూయ ఆ చేతుల వైపే చూసింది. పేరు చెబితే మందు పనిచేయదు. దానికంటే పెద్ద భయం ఇంకొకటుంది. చెబితే ఈ ఐదుగురూ మళ్లీ తనతో మాట్లాడరు. చెప్పకపోతే పాపక్క రేపటినుంచి రాదు. మునెమ్మేమో గొంతు గీరుకుంటూనే ఉంది.

“నల్లేరు” అంది అనసూయ.

గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే ఎవరికీ వినబడలేదు. ఆమె ఇంకో అడుగు ముందుకు వేసింది.

“సార్, ఉప్మా కాదు. నేను నల్లేరు పచ్చిగా నూరి పెట్టినాను. పాపక్క తప్పేం లేదు.”

సార్ మాట్లాడేలోపలే పాపక్క కదిలింది.

“పచ్చి నల్లేరా? ముందే సెప్పి ఉంటే ఇంతసేపు ఏడ్చే పనే లేదు కదమ్మా.”

ఆమె గబగబా చింతపండు పిసికి నీళ్లు చేసింది. ఒక్కొక్కరి చేత పుక్కిలించి ఉమ్మించింది. ఎదురింటి నుంచి మజ్జిగ తెప్పించి తాగించింది. నారాయణస్వామి సార్ పెదవులు ఉబ్బిన పిల్లను సైకిలు మీద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. అనసూయ పాపక్క పక్కనే నిలబడి గ్లాసులు అందించింది. పాపక్క ఆమెను తిట్టలేదు, అలాగని నవ్వనూ లేదు.

సాయంత్రం బడి వదిలేసరికి అందరికీ దురద తగ్గింది. మిగతావాళ్లంతా వెళ్లాక మునెమ్మ అనసూయ దగ్గరికి వచ్చింది.

“నాకు సంపేంత కోపముండాది” అని, పుస్తకాలు ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఇంట్లో అవ్వ అంతా విన్నది. అనసూయ చేతికి వేరుశెనగ నూనె రాసి, లేత నల్లేరు కాడ ఒకటి ఇచ్చింది.

“లేత కణుపులే తెంపాల. నార తీసి, నూనెలో బాగా యేయించి, సింతపండు ఏసి నూరాల. అప్పుడే దురద పోయేది. ఆకు పేరు నేను యాల సెప్పనో తెలుసా? సెబితే సగం తెలిసినోళ్లు తెంపుకొని పచ్చిదే తింటారని.”

“పేరు సెబితే మందు పన్జెయ్యదని కాదా?”

“అట్ల సెబితేనే జనం అడగరు.”

“శనివారానికి బలం రాదా అవ్వా?”

“రోజూ సంగట్లో ఇంత నంజుకుంటా ఉంటే ఒంటికి మంచిది. శనివారానికి బలమిచ్చే ఆకు నాకైతే తెలీదు పాపా.”

శనివారం మునెమ్మ వాళ్లు పుంగనూరు వెళ్లి ఓడిపోయి వచ్చారు.

ఆదివారం పొద్దున మునెమ్మ కుంటుకుంటూ అనసూయ వాళ్ల వాకిట్లోకి వచ్చింది. చీలమండ వాచి ఉంది.

“మే, ఆటలో కాలు మెలికపడింది. దీనికి ఏదన్నా ఆకు ఉండాదా?”

ఇలాంటి వాపుకు అవ్వ వావిలాకు కట్టడం అనసూయ చాలాసార్లు చూసింది. బావి పక్కనే వావిలి చెట్టు ఉంది. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆకు ఎంత కోయాలి, ఎట్లా వెచ్చబెట్టాలి, ఎంతసేపు కట్టి ఉంచాలి?

“నాకు సరిగ్గా తెలీదు మే” అంది అనసూయ. “నా భుజం పట్టుకో. లోపలికి పోయి అవ్వను అడుగుదాం.”

మునెమ్మ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత భుజం మీద చెయ్యి వేసింది.