గోడ పక్క సగం

జరాల వార్డు కిటకిటలాడుతాంది. మంచానికి ఇద్దరు, కింద చాపల మీద ఇంకింతమంది. ఫినాయిల్ వాసన, తడి బట్టల వాసన. బయట పొద్దుగాల్నుంచి ఇడువని ముసురు.

రాజవ్వ కోడలు సంధ్యారాణిని రెక్క పట్టుకొని నిలబడ్డది. పిల్లకు డెంగీ, నిలబడే సత్తువ లేదు. కొడుకు సూరత్‌ల పవర్‌లూం మీద ఉన్నడు, మొగడు పోయి పదేండ్లు. కొత్తవాడ మగ్గం మీద తన చేత్తోని నేసిన జంపఖానా ఒకటి సంకల పెట్టుకొని తనే కోడల్ని తోలుకొచ్చింది.

పద్నాలుగో నంబరు మంచం ఉత్తగనే ఉన్నది.

"దాంట్ల ఎవలు పండుతలేరేంది?"

కింద చాప మీద మొగనికి ఇసురుతున్న పరకాల మొగిలమ్మ గొంతు తగ్గించింది. "ఉత్తగ లేదక్కా. గోడ పక్క సగంల ఒకలున్నరు. దాని మీద పండినోళ్లకు ఎక్కిచ్చిన మందు వాళ్ల ఒంటికి పట్టది, గోడ పక్కకే పోతది. ఇప్పటికి తొమ్మిదిమంది పోయిండ్రు. జర కిందనే పండవెట్టు."

"కింద తడి. అన్ని మంచాల మీద ఇద్దరిద్దరు లేరా? సర్కారు దవాఖాన ఇది. ఎవలి సగం వాళ్లది."

జంపఖానా పరిచి, కోడల్ని ఇటు పక్క పండవెట్టింది.

సిస్టర్ శోభారాణి సెలైన్ పెట్టి అటు తిరిగింది. చుక్క చుక్క పడాలె. రాజవ్వ చూస్తాండగనే సీసా సర్రున దిగింది. పిల్ల పెదవులు ఎండినట్టే ఉన్నయ్.

"అవ్వా, పైపు ముట్టినవా? ఇప్పుడే గద పెట్టిన."

"నేనెందుకు ముడుత బిడ్డా."

రెండో సీసా గూడ అంతే. అప్పుడు చూసింది. గోడ పక్క జంపఖానా మనిషి పండినట్టు లోతుకు దిగి ఉన్నది. మెల్లగ లేస్తాంది... మెల్లగ దిగుతాంది.

పొద్దుమూకేసరికి ప్లేట్‌లెట్లు పదకొండు వేలకు పడ్డయ్. సిస్టర్ బ్లడ్ బ్యాంకుల నుంచి ప్లేట్‌లెట్ల ప్యాకెట్ తెచ్చి స్టాండుకు తలిగేసింది. "ఈ గ్రూపుది ఇదొక్కటే ఉండెనవ్వా. ఇది పోతే రేపటిదాక లేదు."

కోడల్ని కిందికి దింపుదామని రెక్క గుంజింది రాజవ్వ. పిల్ల లేస్తలేదు.

"అత్తమ్మా... అటుపక్క చెయ్యి ఇడుస్తలేరు..."

రాజవ్వ కొంగు నడుముల చెక్కుకున్నది. మంచమెక్కి, గోడ పక్కకు జరిగి, ఆ లోతులనే కూసున్నది. నడుం దాక సల్లగ గడ్డకట్టినట్టయింది. కోడలి చెయ్యి ఊడగుంజి, తన మణికట్టు పెట్టింది.

ఐదు వేళ్లు. గట్టిగ.

"పట్టుకో," అన్నది గుసగుసగ. "నలభై ఏండ్లు మగ్గం గుంజిన చెయ్యి, ఇరుగది. నువ్వు బతుకలే. నా మొగడు గూడ బతుకలే. అట్లని పక్కోళ్లది తాగుతాన్నడా? ఈ ప్యాకెట్ నా కోడలి పేరు మీద వచ్చింది. దీని జోలికొస్తే నీ సగం గూడ నేనే గుంజుకుంట."

చుక్క... చుక్క... వేళ్లు బిగిసినయ్. చెవి పక్కన ఎవలో పండ్లు కొరుకుతాన్నరు. రాజవ్వ గూడ కొరికింది.

తెల్లారి పరీక్షల ఇరవై ఎనిమిది వేలు. రాజవ్వ ఆ సగం మీది నుంచి లేవలే. పాలు, బ్రెడ్డు అక్కడనే తిన్నది. నాలుగోనాడు డాక్టరు ఇంటికి పొమ్మన్నడు. సంధ్యారాణి తన కాళ్ల మీద నడిచిపోయి తలుపుకాడ నిలబడ్డది.

"జంపఖానా ఆడనే ఇడువక్కా," అన్నది మొగిలమ్మ.

"నేసింది నేను. ఎందుకిడుస్త?"

మంచం దిగి, కొస పట్టి గుంజింది. రాలే. మల్ల గుంజింది. అటుపక్క నుంచి గూడ గుంజుతాన్నరు.

"నువ్వేనా మల్ల?" రాజవ్వ మంచం కోడుకు కాలు తన్నిపట్టింది. "ఒక్క చెయ్యితోని నాతోని గాదు నీకు."

గోడ పక్క అంచు పిడికిట్ల పట్టినట్టు ముడుచుకున్నది. ఒక్కకాడ గాదు. ఈ కొస నుంచి ఆ కొస దాక... తొమ్మిదికాడ.

రాజవ్వ కొంగు ఇంకింత బిగిచ్చి చెక్కుకున్నది.